తాళపుచెవిని ఒక్కసారైనా మనమే చేసుకోవాలి



ఈ టపా పద్యాన్ని గురించి కాదు, వ్యాకరణాన్ని గురించీ కాదు. అయినా చివరకు వ్యాకరణం దగ్గరకే వస్తానేమో, పాత అలవాటు కదా. విషయం ఇది: నా పాత కంప్యూటరులో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసుకు సంబంధించిన క్లయింటు ఉపకరణాలను వాటి మూలం నుంచి నేనే కంపైలు చేసి స్థాపించుకొన్నాను. "పంతులుగారికి ఇదేం పని?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో ఇప్పటికే నవ్వారు.

నా అభిప్రాయం ముందే చెప్పి తరువాత కారణాలు చెబుతాను. తెలుగు మాటలను, పద్యాలను, వ్యాసాలను ఏదో ఒక డేటాబేసులో దాచుకొనే ప్రతివాడూ దానిని తెరిచే క్లయింటును జీవితంలో ఒక్కసారైనా మూలం నుంచి కట్టుకోవాలి. రోజూ అక్కరలేదు, ఒక్కసారి చాలు. ఆ ఒక్కసారీ చేయనివాడు "నా దత్తాంశం నాదే" అనడం, తాళపుచెవి పొరుగువాని మొలలో ఉండగా భోషాణం నాదే అనడం వంటిది.

ఈ మాట పుస్తకం చదివి అన్నది కాదు, దెబ్బ తిని అంటున్నది.

ఉద్యోగకాలంలో పిల్లలచేత వాళ్ల ఇళ్లలోని వృత్తిపదాలు వ్రాయించి సేకరించేవాణ్ణి. నేతవారి పిల్లలు పడుగు, పేక, నాడె, కండె, ఆసు తెచ్చారు. రైతుల పిల్లలు నొగ, మేడి, కర్రు, గొర్రు, గుంటక తెచ్చారు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క చీటీ: మాట, దాని అర్థం, ఏ ఊరు, ఎవరి నోట విన్నది. అట్లా 11,342 చీటీలు పోగయ్యాయి. పదవీవిరమణ తరువాత వాటిని యూనికోడులో టైపు చేసుకొంటూ వచ్చాను. నా పూర్వశిష్యుడొకడు తాను అద్దెకు తీసుకొన్న సర్వరులో పోస్ట్‌గ్రెస్ పెట్టి అందులో నాకొక పట్టిక ఏర్పరచి ఇచ్చాడు. చీటీలు అటకమీదికి వెళ్లాయి. రెండు వానాకాలాలు గడిచాక అటక ఎక్కి చూస్తే సగం చెదలపాలు. ఆ మాటలు చెప్పిన ముసలివారిలో చాలామంది ఇప్పుడు లేరు. అంటే వాటిలో కొన్ని మాటలకు ఆ పట్టిక ఒక్కటే ప్రతి అన్నమాట.

ఇట్లా ఉండగా శిష్యుని ఉత్తరం వచ్చింది. "మాష్టారూ, సర్వరులో పోస్ట్‌గ్రెస్‌ను 16వ సంచికకు మార్చాను. మీ పాస్‌వర్డు కూడా కొత్తది, కింద ఇచ్చాను. ఈ నెలాఖరుతో ఈ సర్వరు గడువు తీరిపోతుంది. వేరేచోటికి మార్చేలోగా మీ దగ్గర ఒక ప్రతి దించుకొని ఉంచుకోండి. పది రోజులు నేను ప్రయాణంలో ఉంటాను." నెలాఖరుకు తొమ్మిది రోజులున్నాయి.

నా కంప్యూటరు ఉబుంటు 14.04 సంచికతో నడుస్తున్నది. అది 2014లో వెలువడింది. దాని సాధారణ మద్దతు 2019 ఏప్రిల్‌లో ముగిసింది. పాత ఖతులలో ఉన్న నా వ్యాసాలను యూనికోడులోకి మార్చే ఉపకరణం అందులోనే నడుస్తుందని దానిని పట్టుకొని వేళాడుతూ వచ్చాను. తప్పు నాదే. దానితోపాటు వచ్చిన పోస్ట్‌గ్రెస్ క్లయింటు 9.3వది. కొత్త పాస్‌వర్డుతో తలుపు తట్టగానే అది చెప్పిన మాట: ఈ స్క్రామ్ పద్ధతికి లిబ్‌పీక్యూ పదవ సంచిక గాని, ఆపైది గాని కావాలి.

ఇక్కడ కొంచెం ఆగి, తెలియనివారి కోసం సర్వరుకూ క్లయింటుకూ భేదం చెప్పాలి. క్లయింటు అనగానే మనకు వకీలుగారి వసారాలో కూర్చున్న కక్షిదారు గుర్తుకు వస్తాడు. ఇక్కడ అర్థం దానికి మరీ దూరం కాదు. దత్తాంశం ఉండేది, దానిని కాపాడేది, వెదికి తీసేది సర్వరు. వెళ్లి అడిగేది, జవాబును మోసుకొని వచ్చి మనకు చూపేది క్లయింటు. పోస్ట్‌గ్రెస్‌లో పీఎస్‌క్యూఎల్ అనేది మనం ప్రశ్నలు టైపు చేసే క్లయింటు. పీజీడంప్ అనేది మొత్తం నిధిని ఒక దస్త్రంగా వ్రాసి ఇచ్చే క్లయింటు. ఈ రెండూ సర్వరుతో మాట్లాడడానికి ఆధారపడే గ్రంథాలయం లిబ్‌పీక్యూ. 2017లో వచ్చిన పదవ సంచికలో స్క్రామ్ అనే కొత్త గుర్తింపు పద్ధతి చేరింది. 2021లో వచ్చిన 14వ సంచిక నుంచి కొత్త పాస్‌వర్డులకు అదే సహజపద్ధతి అయింది. నా 9.3వ క్లయింటుకు ఆ భాష రాదు. వచ్చినా లాభం లేదు. పీజీడంప్ తనకంటె పెద్ద సంచిక సర్వరు నుంచి ప్రతి తీయడానికి ఒప్పుకోదు, సంచికలు కలవలేదని చెప్పి ఆగిపోతుంది. తెలియని రచనకు ప్రతి వ్రాయబోయి తప్పులు వ్రాసే లేఖకునికంటె, నాకు ఈ లిపి రాదని ఒప్పుకొన్న లేఖకుడు నయం. కాని నా పని మాత్రం ఆగింది.

భాషాప్రియులకు ఒక చిన్న ముచ్చట. లిబ్‌పీక్యూ అనే పేరులోని ఆ రెండక్షరాలు ఎక్కడివి? కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వాన ఇంగ్రెస్ అనే డేటాబేసు పుట్టింది. దాని తరువాతిది గనుక, 1986లో మొదలైన కొత్త పథకానికి పోస్ట్‌గ్రెస్ అని పేరు. దాని ప్రశ్నభాష పేరు పోస్ట్‌క్వెల్. 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు ఆ భాషను తీసివేసి ఎస్‌క్యూఎల్ పెట్టారు. 1996లో మొత్తానికి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని పేరు మారింది. పోస్ట్‌క్వెల్ వాడుకలో నశించింది, దాని పొడి అక్షరాలు మాత్రం గ్రంథాలయం పేరులో మిగిలాయి. ఏతం పోయినా ఏతం పాట మిగిలినట్టు. మూలసంచిక విప్పి చూడకపోతే ఇటువంటివి నాకు తగిలేవి కావు.

ప్యాకేజీల దారి మూసుకొనిపోయింది గనుక మూలం నుంచి కట్టడమే మిగిలింది. నా పాత విహరిణి నేటి భద్రతాపత్రాలను నమ్మదు. అందుచేత మా వీధి చివరి జిరాక్సు దుకాణంలో 16వ సంచిక మూలాన్ని దించుకొని పెన్‌డ్రైవులో తెచ్చుకొన్నాను. 17వది ఎందుకు తేలేదంటే, దానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ గ్రంథాలయం 1.0.2 గాని ఆపైది గాని ఉండాలి. నా దగ్గర ఉన్నది 1.0.1. 16వ సంచికకు అది సరిపోతుంది. దించుకొన్న మూటతోపాటు దాని సరిచూపు సంఖ్యను కూడా తెచ్చి, ఇంటికి వచ్చాక రెండూ కలిశాయో లేదో చూసుకొన్నాను. అరవైనాలుగు అంకెలూ అక్షరాలూ కలిశాయి. ఈ పని ఎవరూ మానకూడదు.

పని మూడు అంచెలు. మొదట కన్‌ఫిగర్ అనే లిపి నడుస్తుంది. అది కంప్యూటరంతా కలియదిరిగి, కంపైలరు ఉన్నదా, ఏయే గ్రంథాలయాలు ఉన్నవి, ఏవి లేవు అని ఒక్కొక్కటే పరీక్షిస్తుంది. రెండవది మేక్. 1976లో బెల్ ప్రయోగశాలలో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ వ్రాసిన ఉపకరణానికి వారసురాలు అది. సీ భాషలో ఉన్న మూలాన్ని యంత్రభాషలోకి మార్పించి ముక్కలన్నిటినీ కూర్పిస్తుంది. మూడవది స్థాపన. అంతా చేస్తే సర్వరు కూడా వస్తుంది. క్లయింటులు మాత్రమే కావలసినవారు మూలంలోని మూడు సంచులలో, అంటే ఉపకరణాలు, శీర్షికలు, గ్రంథాలయాలు ఉన్న చోట్ల, విడివిడిగా మేక్ ఇన్‌స్టాల్ అంటే చాలునని ఆ మూటతో వచ్చే పుస్తకంలోనే వ్రాసి ఉన్నది. నా ముసలి యంత్రానికి ఈ సౌకర్యం పెద్ద ఊరట.

చెప్పడానికి మూడు వాక్యాలు. చేయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులలో ఎదురైన దోషాలు నాకు కొత్తగా తోచలేదు. శాబ్దబోధ చదువుకొన్నవారికి తెలుసు: పదాలు కలిసి వాక్యార్థం ఇవ్వాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలి. "రాముడు పుస్తకాన్ని" అని ఆపితే ఇంకేదో కావాలని మనస్సు అడుగుతుంది, అది ఆకాంక్ష. "నిప్పుతో తడిపాడు" అంటే పదాలన్నీ ఉన్నా పొసగవు, యోగ్యత లేదు. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట అంటే వాక్యం కాదు, సన్నిధి లేదు. కంపైలు చేసేవానికి ఎదురయ్యే ఇబ్బందులలో నాకు తెలిసినవన్నీ ఈ మూడింటిలోనే ఇమిడాయి. యోగ్యత సంగతి పైన చూశారు: 17వ సంచికకూ నా 1.0.1కూ పొసగదు. మిగిలిన రెండూ చెబుతాను.

కన్‌ఫిగర్ మొదట రీడ్‌లైన్ లేదని ఆగింది. నేను విస్తుపోయాను, ఎందుకంటే అది ఉన్నది. రోజూ వాడే పెట్టెలో పై బాణం మీట నొక్కితే వెనుకటి ఆజ్ఞ వచ్చేది దానివల్లనే. సగం రోజు వెదికాక తెలిసింది. నడపడానికి కావలసిన రీడ్‌లైన్ వేరు, దానితో కొత్త వస్తువు కట్టడానికి కావలసిన శీర్షికదస్త్రాలు వేరు. రెండవవి అభివృద్ధి ప్యాకేజీ అనే పేరుతో విడిగా తెచ్చుకోవాలి. ఇంట్లో వండిన అన్నం ఉన్నంతమాత్రాన విత్తనాలు ఉన్నట్టు కాదు కదా. "రీడ్‌లైన్ వద్దు" అని చెప్పి ముందుకు సాగే వీలు కూడా కన్‌ఫిగరే సూచించింది. కాని నావంటి నెమ్మది వ్రేళ్లవానికి వెనుకటి ఆజ్ఞను తిరిగి పిలిచే వీలు లేకపోతే నరకం. తెచ్చి పెట్టాను.

తరువాత ఐసీయూ లేదన్నది. ఆసుపత్రిలోది కాదు. యూనికోడుకు సంబంధించిన అంతర్జాతీయ గ్రంథాలయమది, ఏ భాషలో ఏ అక్షరం తరువాత ఏ అక్షరం రావాలో ఎరిగినది. 16వ సంచిక నుంచి, వద్దని చెబితే తప్ప, అది ఉండి తీరాలి. ఇక్కడ నా చేయి ఆగింది. తెలుగు వరుస తెలిసినదానిని తెలుగు పండితుడు తన చేతులతో "వద్దు" అని ఎట్లా వ్రాస్తాడు? యూనికోడు పట్టీలో ర తరువాత ఱ, ల తరువాత ళ వస్తాయి. మన వర్ణమాల పలకమీద ళ, ఱ చివరికి వస్తాయి. ఈ వరుసల గొడవ నాకు ప్రాణసమానం. ఒక పూట ఆలోచించాక తట్టింది: వరుస పెట్టే పని సర్వరుది. క్లయింటు సర్వరు ఇచ్చిన వరుసలో మోసుకొని వస్తుందంతే. కనుక నేను కట్టే క్లయింటుకు ఐసీయూ లేకున్నా నా పట్టికలోని ఒక్క మాట స్థానం మారదు. నిశ్చింతగా "వద్దు" అన్నాను. ఎవరి పని ఏదో తెలియకపోతే అనవసరమైన భయాలు ఎట్లా పుడతాయో ఆ పూట నాకు బోధపడింది.

కన్‌ఫిగర్ తృప్తిపడింది. మేక్ పది నిమిషాల పైచిలుకు తెరనిండా వరుసలు కురిపించి దోషం లేకుండా ముగిసింది. స్థాపన కూడా అయింది. సంతోషంతో పీఎస్‌క్యూఎల్ అని కొట్టాను. మళ్లీ అదే పాత జవాబు: లిబ్‌పీక్యూ పదవ సంచిక కావాలి. గుండె జారింది. సంచిక ఎంత అని అడిగితే 9.3 అన్నది. కొత్తది దాని సొంత సంచిలో, లోకల్ కింద పీజీఎస్‌క్యూఎల్ అనే చోట, కూర్చుని ఉన్నది. నేను పిలిస్తే పలికినది పాతది. కంప్యూటరు వెదికే దారుల పట్టికలో కొత్త సంచి లేదు. ఒకే పేరుగల ఇద్దరు పిల్లలున్న తరగతిలో హాజరు పిలిచినట్టే. ఇది సన్నిధిలోపం. దారిపట్టికలో కొత్త సంచిని ముందు చేర్చాను. 16 అని పలికింది.

ఈసారి సర్వరు దాకా వెళ్లింది. సర్వరు రానివ్వలేదు. గుప్తీకరించిన దారిలో వచ్చేవారినే ఆ సర్వరు అనుమతిస్తుంది, నా క్లయింటుకు ఆ విద్యే లేదు. గుప్తీకరణను తప్పనిసరి చేసి మళ్లీ అడిగితే అది నిజాయితీగా చెప్పింది: ఆ సామర్థ్యం నాలో కంపైలు చేయలేదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కావాలని మనం నోటితో అడిగితేనే కన్‌ఫిగర్ చేరుస్తుంది. రీడ్‌లైన్ వలె, ఐసీయూ వలె అది లేదని అరవదు. మొదటి రెండింటిలో ఆకాంక్ష పైకి కనబడింది. ఇక్కడ వాక్యం పూర్తి అయినట్టే ఉండి, అర్థంలో వెలితి ఉన్నది. పిల్లల వ్యాసాలు దిద్దేటప్పుడు కూడా తప్పుగా వ్రాసినది వెంటనే కంటబడేది. వ్రాయకుండా వదిలినదానిని పట్టుకోవడమే కష్టంగా ఉండేది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ శీర్షికలు తెచ్చి, కట్టినదంతా తుడిచి, మళ్లీ మొదటినుంచీ కట్టాను. నాలుగవ రోజు రాత్రి తలుపు తెరుచుకొన్నది.

పట్టికలో మొదటి పది మాటలు చూపమన్నాను. మాటలకు బదులు దోషవాక్యం వచ్చింది: యూటీఎఫ్-8లో ఉన్న ఫలానా బైట్ల వరుసకు లాటిన్-1లో సమానమైన అక్షరం లేదు. ఈ ఒక్క వాక్యాన్ని గురించి నేను ఎంతైనా వ్రాయగలను. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమూ మూడు బైట్లు. "అ" అనేది 224, 176, 133. "తెలుగు" అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తం ఆరు సంకేతాలు, పద్ధెనిమిది బైట్లు. లాటిన్-1 పట్టీలో ఉండేవి పడమటి ఐరోపా భాషల అక్షరాలే. పాత ఖతుల ఉపకరణం కోసం ఎప్పుడో నా యంత్రాన్ని లాటిన్-1లో పెట్టుకొన్నాను. క్లయింటు ఆ అమరికను చూసి సర్వరుతో "మా ఇంట్లో లాటిన్-1 భాష" అని చెప్పింది. సర్వరు మార్చి ఇవ్వబోయి, మార్చలేక ఆగిపోయింది.

ఆగిపోవడం గొప్ప సంగతి. తొలిరోజుల్లో తెలుగు వ్రాసినవారందరికీ ప్రశ్నార్థకాల వరుసలు గుర్తుండే ఉంటాయి. మనం "అమ్మ" అని వ్రాస్తే మరునాటికి నాలుగు ప్రశ్నార్థకాలు. మార్చలేని అక్షరం స్థానంలో కొన్ని వ్యవస్థలు చడీచప్పుడు లేకుండా ప్రశ్నార్థకం పెట్టేవి. అది తెరమీద మాత్రమే అయితే అమరిక దిద్దుకోవచ్చు. నిధిలోనే అట్లా నిలువ అయితే ఇక చేయగలిగింది లేదు. ప్రశ్నార్థకం అంటే 63 అనే ఒక్క బైటు. దానివెనుక "నాడె" ఉన్నదో "కండె" ఉన్నదో బ్రహ్మకూడా చెప్పలేడు. తెలియని అక్షరం వస్తే ఊహించి వ్రాయకుండా ఆగి అడిగే లేఖకుని చేతిలోనే మన మాటలు పెట్టాలి. క్లయింటు భాషను యూటీఎఫ్-8 అని ఒక్క ఆజ్ఞతో మార్చగానే పది మాటలూ తెరమీదికి వచ్చాయి. మొదటిది "అంజెర" కాదు, "అచ్చు" కాదు, నేను అనుకొన్నదేదీ కాదు. మా తొలి ఊరిలో ఒక కుమ్మరి పిల్లవాడు తెచ్చిన మాట. చదువుకొని కొంతసేపు ఊరకే కూర్చున్నాను.

తరువాత పీజీడంప్‌తో ప్రతి తీశాను. అది డేటాబేసు ఏ సంకేతపద్ధతిలో ఉంటే ప్రతిని ఆ పద్ధతిలోనే వ్రాస్తుంది గనుక నా లాటిన్-1 దోషం దానికి అంటలేదు. వచ్చిన దస్త్రం మామూలు పాఠ్యం. మొదట పట్టిక నిర్మాణం, తరువాత ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క మాట చొప్పున దత్తాంశం. వివరణలో మధ్యమధ్య కొత్త పంక్తులున్నా వాటిని గుర్తులుగా మార్చి ఒకే వరుసలో వ్రాస్తుంది. కాబట్టి లెక్క చూడడం సులువు. సర్వరును అడిగితే 11,342 అన్నది. దస్త్రంలో వరుసలు లెక్కపెట్టిస్తే 11,342. చివర ప్రతి పూర్తి అయినదన్న వాక్యం కూడా ఉన్నది. రేపు పోస్ట్‌గ్రెస్ అనేదే లేకుండా పోయినా, ఈ దస్త్రాన్ని ఏ లేఖనోపకరణంలోనైనా తెరిచి చదువుకోవచ్చు. గడువుకు ఇంకా నాలుగు రోజులు మిగిలి ఉండగా ఆ ప్రతి మూడు పెన్‌డ్రైవుల్లో మూడు ఇళ్లకు చేరింది.

ఇక ఆక్షేపణలు. తెలిసినవారు మూడు చెబుతారు, మూడింటిలోనూ సత్యం ఉన్నది.

ఒకటి, కొత్త ఉబుంటు వేసుకొని ఉంటే ప్యాకేజీ ఒక్క ఆజ్ఞతో వచ్చేది కదా అని. నిజమే. మద్దతు పోయిన వ్యవస్థను జాలానికి తగిలించి ఉంచడం నా తెలివితక్కువతనం. ఆ నెల దాటగానే కొత్తది వేయించుకొన్నాను. ఇప్పుడు రోజువారీ పనికి ప్యాకేజీనే వాడుతున్నాను. రెండు, చేతితో కట్టుకొన్నదానికి భద్రతా సవరణలు వాటంతట అవి రావు, మరచిపోతే ప్రమాదం అని. అదీ నిజం. అందుకే రోజూ అక్కరలేదు, ఒక్కసారి చాలు అన్నాను. మూడు, ఎవరి పని వారు చేయాలి, పండితునికి కంపైలరు ఎందుకు అని. దీనికి మాత్రం నేను ఒప్పుకోను.

బాలవ్యాకరణం చదివినవాడు మాట్లాడేటప్పుడు సూత్రాలు వల్లించుకొంటూ మాట్లాడడు. అయినా సంధి ఎక్కడ జరిగిందో, ఏది ఆగమమో, ఏది ఆదేశమో తెలిసి ఉండడంచేత పాఠం చెడిపోయినప్పుడు ఎక్కడ చెడిందో పట్టుకోగలుగుతాడు. తెలియనివాడికి చెడిన పాఠమూ, మంచి పాఠమూ ఒక్కటే. కంపైలు చేయడంలోని ప్రయోజనం కూడా అంతే. ఆ నాలుగు రోజులకు ముందు "పని చేయడం లేదు" అన్నది నాకు ఒకటే మాట. ఇప్పుడు అది నాలుగైదు మాటలు: గుర్తింపు కుదరలేదా, గుప్తీకరణ లేదా, దారిలో పాతది పలికిందా, అక్షరసంకేతం కలవలేదా. అట్లా విడమరచుకోగలిగినవాడు తన మాటలు పోయాయని ఏడవడు, ఎక్కడున్నాయో వెదుకుతాడు. ప్యాకేజీ ఈ పనులన్నీ మనకంటె బాగా చేసి పెడుతుంది. కాని ఏం చేసిందో చెప్పదు. అది ఆగిపోయిన రోజున మనం అమాయకులమై నిలబడతాము.

ఇంకొక సంగతి. ఇట్లా కట్టుకొనే వీలు నాకు దొరకడానికి కారణం పోస్ట్‌గ్రెస్ మూలం బహిరంగంగా ఉండడం, దానిని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని దాని అనుమతిపత్రం చెప్పడం. మూలం మూసి ఉన్న సరుకైతే, నా పాత యంత్రానికి తగిన క్లయింటును అమ్మేవాడు ఆపివేసిన నాడే నా కథ ముగిసేది. ఉచితంగా చోటిచ్చేవారి సంగతి మనకు తెలియనిదా? జియోసిటీస్ 2009లో మూతపడినప్పుడు సమయానికి ప్రతి తీసుకోనివారి పుటలకు ఏ గతి పట్టిందో చూశాము. చోటు ఇచ్చినవారిని నిందించి లాభం లేదు, వారు ఎప్పటికీ ఉంటామని మనకు మాట ఇవ్వలేదు. చోటు ఎవరిదైనా, మన వ్రాతను బయటికి తెచ్చుకొనే పనిముట్టు మన చేతిలో ఉండాలి. దానికి మూలం కూడా మనకు దొరికేదై ఉండాలి. తెలుగు మాటలు దాచడానికి డేటాబేసు ఎంచుకొనేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న వేగమెంత అని కాదు. క్లయింటు మూలం దొరుకుతుందా, ప్రతి మామూలు పాఠ్యంగా వస్తుందా అని.

కనుక మీకు నాదొక మనవి. ఈ ఆదివారం ఒక పూట కేటాయించండి. మీ వ్రాతలు ఏ డేటాబేసులో ఉన్నాయో, దాని సంచిక ఎంతో, మీ క్లయింటు సంచిక ఎంతో ఒక కాగితం మీద వ్రాసుకోండి. ఒక ప్రతి తీసి వరుసలు లెక్కపెట్టండి. దస్త్రం తెరిచి తెలుగు తెలుగుగా కనబడుతున్నదో, ప్రశ్నార్థకాలుగా ఉన్నదో చూడండి. అది కుదిరాక, మరొక ఆదివారం, క్లయింటును మూలం నుంచి కట్టండి. దోషవాక్యం వస్తే భయపడకుండా పూర్తిగా చదవండి. నాకు ఎదురైన దోషవాక్యాలన్నిటిలోనూ పరిహారం తెలిపే సూచన ఎంతో కొంత ఉన్నది. మొదటి రోజు నేను వాటిని సగం చదివి వదిలివేయడంవల్లనే అంత ఆలస్యమైంది. పిల్లలకు ప్రశ్న పూర్తిగా చదవండర్రా అని జీవితమంతా చెప్పినవాణ్ణి నేనే.

శిష్యుడు ప్రయాణం నుంచి వచ్చి, "మాష్టారూ, అంత కష్టమెందుకు పడ్డారు, నేను వచ్చాక పంపేవాణ్ణి కదా" అన్నాడు. పంపేవాడే, సందేహం లేదు. కాని అతడు ఎప్పుడూ ఉండాలని, ఎప్పుడూ తీరికగా ఉండాలని కోరుకొనే హక్కు నాకు లేదు. గుంటక, గొర్రు చెప్పిన ఆ ముసలివారు కూడా ఎప్పుడూ ఉంటారనే అనుకొన్నాను.

సెలవు.